పెట్రోలు కారితే కార్బొరేటర్ పారేయాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో పోయిన ఆదివారం ఎండాకాలం జాగ్రత్తల కింద జనరేటర్ల గురించి ఒక చిన్న పెట్టె వేశారు. ఇంట్లో పెట్టి నడపకూడదు, పొగ ప్రాణం తీస్తుంది, నడుస్తుండగా పెట్రోలు పోయకూడదు, అన్నీ బాగానే రాశారు. చివరి వాక్యం దగ్గరే నాకు మనసొప్పలేదు. ‘పెట్రోలు కారుతున్నట్లయితే కార్బొరేటర్ మార్పించుకోవాలి’ అని ఉంది. ఇలాంటి మాటే విని నిరుడు నేను 1,150 రూపాయలు పోగొట్టుకున్నాను. కొత్త కార్బొరేటర్ బిగించాక కూడా పెట్రోలు కారింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొద కత్తిరించండి, సుద్దముక్క సంగతి మాత్రం ఉంచండి.

నాది చెరకు రసం బండి. ఏలూరు రోడ్డు మీద పద్దెనిమిదేళ్లుగా ఒకే వేపచెట్టు కింద పెడుతున్నాను. అంతకుముందు ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివి, ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర మూడేళ్లు పనిచేశాను. స్పానర్ వదిలి చెరకు గడ ఎందుకు పట్టానన్నది మా మామగారికీ నాకూ మధ్య వ్యవహారం, ఇక్కడ అక్కర్లేదు. మొదట్లో బండికి చేత్తో తిప్పే చక్రమే ఉండేది, గజ్జెలు కట్టి. పదేళ్ల కిందట భుజం పట్టేశాక ఇంజిన్ పెట్టించాను. 163 సీసీ పెట్రోలు ఇంజిన్, ఐదున్నర హార్స్ పవర్ అని చెప్పి అమ్ముతారు. చిన్న జనరేటర్లకూ, కాలవల్లోంచి నీళ్లు తోడే పంపులకూ, శ్లాబులు వేసేచోట కాంక్రీటు వైబ్రేటర్లకూ ఇదే తరహా ఇంజిన్ ఉంటుంది. కార్బొరేటర్ కూడా దాదాపు అదే. కాబట్టి నా బండి కథ జనరేటర్ ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

రసం అమ్మేవాడికి పెట్రోలు కారితే మొదటి టెన్షన్ డబ్బు గురించి కాదు, వాసన గురించి. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్న మనిషికి ఆ వాసన ఒక్కసారి తగిలిందంటే, మనం అల్లం వేసినా నిమ్మకాయ పిండినా అతను మళ్లీ ఇటు రాడు. రెండో టెన్షన్ నా పక్కనుండే మిరపకాయ బజ్జీల బండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. నా ఇంజిన్ కింద కారింది ఐదడుగుల అవతల ఆయన పొయ్యిని వెతుక్కుంటూ పోతుంది. సున్నాకు నలభై డిగ్రీలు కిందనున్న చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుతుందని ఐటీఐలో మా సారు చెప్పేవారు. మరి బెజవాడ మే నెల సంగతి వేరే చెప్పాలా?

కార్బొరేటర్ అనగానే బెదిరిపోయేవాళ్ల కోసం ఒక్క మాట. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది అది. మేడ మీద నీళ్ల ట్యాంకులో బాల్ కాక్ చూసే ఉంటారు. నీళ్లు నిండేకొద్దీ బంతి తేలుతూ లేచి పైపును మూసేస్తుంది. కార్బొరేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెలో జరిగేదీ అదే. పెట్రోలు ట్యాంకు ఎత్తులో ఉంటుంది కాబట్టి పెట్రోలు తన బరువుకు తానే కిందికి దిగుతుంది. గిన్నెలో ఫ్లోట్ తేలుతుంటుంది. అది లేచినప్పుడు నీడిల్ అనే చిన్న పుల్లను ఒక రంధ్రంలోకి నెడుతుంది. ఆ రంధ్రాన్ని సీటు అంటాం. నీడిల్ మొన సీట్లో సరిగ్గా కూర్చుంటే పెట్రోలు ఆగుతుంది, కూర్చోకపోతే గిన్నె నిండి పొర్లుతుంది. దీన్నే మెకానిక్కులు ఓవర్‌ఫ్లో అంటారు. మేడ మీద నీళ్లు పొర్లితే ఎవరైనా ముందు బాల్ కాక్ చూస్తారు గానీ ట్యాంకే మార్చేయరు కదా.

నా బండికి మొదటిసారి కారింది 2024 వరద తర్వాత. మా ఇల్లు సింగ్ నగర్‌లో. సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చాయి, చూస్తుండగానే నడుము దాటాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోతోందని ఊరంతా అటు చూస్తుంటే, మేము ఎదురింటివాళ్ల మేడ మీద నిలబడి మా బండి రేకు ఎక్కడ కనిపిస్తుందా అని చూస్తున్నాం. బండి వారం పైన నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక ఆ వీధుల్లో ఎన్ని మోటారు సైకిళ్లు నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయో చూసినవాళ్లకు తెలుసు. నేను ఇంజిన్ ఆయిల్ మూడుసార్లు మార్చి, ప్లగ్గు తీసి ఆరబెట్టి, ఎలాగో స్టార్టు చేశాను. రెండు వారాలు బాగానే తిరిగింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున బండి కింద అరచేయంత తడి.

అప్పుడు మేస్త్రి నేర్పిన మొదటి చిట్కా గుర్తొచ్చింది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె పక్కన మెల్లగా రెండు మూడు దెబ్బలు కొట్టాలి. సుత్తితో కాదు, పిడితో. కారడం ఆగిపోతే నీడిల్ దగ్గర ఏదో నలుసు అడ్డుపడిందని అర్థం. ఆగింది. మరుసటి రోజు మళ్లీ మొదలైంది. అంటే లోపల నలుసులు ఒకటీ రెండూ కాదు. పెట్రోలు కాక్ (ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలును ఆపే చిన్న కుళాయి) కట్టేసి, గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి, ఉన్నదంతా ఒక పాత హార్లిక్స్ సీసాలోకి దించాను. (రసం గ్లాసు వాడలేదు, మీ పాఠకులు నిశ్చింతగా ఉండొచ్చు.) సీసాను ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే మూడు పొరలు తేలాయి. పైన పెట్రోలు, దాని కింద ముత్యాల్లా నీటి బొట్లు, అడుగున బుడమేటి ఒండ్రూ ఇనుప తుప్పూ కలిసిన పొడి. తప్పు కార్బొరేటర్‌ది కాదు, ట్యాంకుది. రేకు ట్యాంకు లోపల తుప్పు పట్టి, పొట్టు రాలి, నీడిల్ సీటు మీద కూర్చుంటోంది. అక్కడ కొత్త కార్బొరేటర్ పెట్టినా నాలుగు రోజుల్లో అదే గతి. ట్యాంకు దించి, గుప్పెడు చిన్న కంకర వేసి, కొంచెం పెట్రోలు పోసి, మా అబ్బాయీ నేనూ ఆవకాయ జాడీ కుదిపినట్టు కుదిపాం. ఎర్రగా వచ్చినన్నిసార్లూ పారబోసి మళ్లీ కుదిపాం. పైపు మధ్యలో నలభై రూపాయల ఫిల్టర్ ఒకటి పెట్టాను. ఆ కారడం అక్కడితో సరి.

ఇప్పుడు సుద్దముక్క. చాలామంది బొట్టు పడే చోటు చూసి అక్కడే లీకు అనుకుంటారు. పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. పైన పైపు దగ్గర చెమర్చిన పెట్రోలు కార్బొరేటర్ ఒళ్లంతా పాకి, అన్నిటికన్నా కిందనున్న బోల్టు దగ్గర బొట్టవుతుంది. చూసేవాడు బోల్టును బిగిస్తాడు. ఇంకా బిగిస్తాడు. మర పోగొడతాడు. అప్పుడు నిజంగానే కార్బొరేటర్ మార్చాలి.

అందుకని ఇంజిన్ పూర్తిగా చల్లారాక, చుట్టుపక్కల పొయ్యీ బీడీ లేకుండా చూసుకుని, పక్కన ఒక బకెట్ ఇసుక పెట్టుకుని (నీళ్లు కాదు, నీళ్ల మీద పెట్రోలు తేలి ఇంకా పరుచుకుంటుంది), కాక్ కట్టేసి, పాత బనీను గుడ్డతో అంతా పొడిగా తుడవాలి. కాక్ నుంచి పైపు, పైపు నుంచి కార్బొరేటర్, గిన్నె అంచు, గిన్నె కింది బోల్టు, డ్రెయిన్ స్క్రూ, ఎయిర్ ఫిల్టర్ వైపు మూతి, ఈ అతుకులన్నిటి మీదా బడి సుద్దముక్క రాయాలి. సుద్ద లేకపోతే ముగ్గు పిండి అద్దినా చాలు. ఇప్పుడు ఇంజిన్ స్టార్టు చేయకుండా కాక్ ఒక్కటే తిప్పి పది నిమిషాలు కూర్చోవాలి. ఈ పది నిమిషాలు కూర్చోవడమే మనవాళ్లకు చేతకాదు. తెల్లటి సుద్ద మొదట ఎక్కడ ముదురు రంగుకు తిరిగిందో లీకు పుట్టేది అక్కడ.

అన్నట్టు, ఆ తడి పెట్రోలేనా అన్నది కూడా చూసుకోవాలి. నా బండి మీద రసం, మంచు నీళ్లు, ఇంజిన్ ఆయిల్ అన్నీ కారతాయి. వేలికి అద్దుకుంటే పెట్రోలు చల్లగా తగిలి క్షణంలో ఆరిపోతుంది. ఆయిల్ ఆరదు. రసం అతుక్కుంటుంది.

పైపు దగ్గర తడిస్తే అదృష్టవంతులు. పైపు మడిచి చూడండి, గీతల్లా పగుళ్లు కనిపిస్తే అర మీటరు కొత్త పైపు, రెండు క్లిప్పులు, పని అయిపోయింది. గిన్నె అంచున తడిస్తే ప్యాకింగ్ పోయినట్టు. కింది బోల్టు దగ్గరైతే దాని వాషర్ నలిగినట్టు. ఈ రెండిటికీ కొందరు ట్యూబులోంచి పిండే ప్యాకింగ్ పేస్టు పూస్తారు. అందరూ వాడే ఆ రకం పేస్టు పెట్రోలులో ఉబ్బి, ముక్కలుగా ఊడి జెట్టులో, అంటే ఇంజిన్‌కు పెట్రోలు పోయే సన్నటి రంధ్రంలో, ఇరుక్కుంటుంది. అప్పుడు లీకు పోయి ఇంజిన్ ఆగిపోవడం మొదలవుతుంది. బట్టల సబ్బు రుద్దడం మాత్రం నేను తప్పు పట్టను. పెట్రోలుకు సబ్బు కరగదు, బండి ఇంటికి చేరేదాకా ఆపుతుంది. అంతవరకే.

ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి గానీ, కార్బొరేటర్ మీదుండే గాలి రంధ్రం నుంచి గానీ వస్తుంటే అది ఓవర్‌ఫ్లో. నీడిల్, సీటు, ఫ్లోట్, లేదా వాటి మధ్య చెత్త. దీన్ని సుద్ద లేకుండా కనిపెట్టే దారి ఇంకొకటుంది. కారుతుండగా కాక్ కట్టేయండి. పైపు బాగానే ఉండి, కారడం దాదాపు వెంటనే ఆగిపోతే అది పొర్లుతున్న పెట్రోలు. కట్టేశాక కూడా గిన్నె ఖాళీ అయ్యేదాకా బొట్టు బొట్టుగా పడుతూనే ఉంటే అది గిన్నె అడుగున, అంటే బోల్టు, డ్రెయిన్ స్క్రూ దగ్గర లీకు. మా మేస్త్రి సుద్ద కూడా వాడేవాడు కాదు. కాక్ కట్టి బీడా నములుతూ నిలబడి చెప్పేసేవాడు.

ఓవర్‌ఫ్లో అని తేలితే అప్పుడు కార్బొరేటర్ విప్పాలి. ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే దాంట్లోకి పెట్రోలు దిగినట్టు, బరువెక్కి తేలదు. అనుమానంగా ఉంటే స్టవ్‌కు దూరంగా, వేడి నీళ్ల గిన్నెలో ముంచి చూడండి. చిల్లు ఉంటే బుడగలు వస్తాయి. నీడిల్ మొన మీద గోరు పెట్టి గీయండి. ఉంగరంలా గాడి తగిలితే నీడిల్ అరిగిపోయింది. తర్వాత ఊదే పరీక్ష, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. కార్బొరేటర్‌కు పెట్రోలు వచ్చే ముక్కుకు ఒక శుభ్రమైన పైపు ముక్క తగిలించి, ఫ్లోట్ తన బరువుతో నీడిల్‌ను నొక్కేలా కార్బొరేటర్‌ను తలకిందులుగా పట్టుకుని నోటితో మెల్లగా ఊదాలి. గాలి పోకూడదు. మామూలుగా నిలబెట్టి ఊదితే పోవాలి. తలకిందులుగా ఉన్నప్పుడు కూడా సుయ్యిమని పోతోందంటే నీడిల్‌గానీ సీటుగానీ బాగోలేదు. సీటును దూది చుట్టిన పుల్లతో తుడిచి మళ్లీ ఊదండి. పది కార్బొరేటర్లలో ఆరేడు ఈ తుడవడంతోనే బాగుపడటం నేను ఆటోనగర్‌లో చూశాను. సీటును ఇనుప తీగతో గోకితే మాత్రం అది ఇక జన్మలో పట్టదు.

ఇంత తెలిసినవాడు 1,150 రూపాయలు ఎందుకు తగలేశాడని మీరు అడుగుతారు. అడగాలి కూడా.

నిరుడు ఏప్రిల్‌లో నా వేపచెట్టు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని కొట్టేశారు. నేను తల మీద తువ్వాలు వేసుకున్నాను, గిరాకీల కోసం గొడుగు పెట్టాను, ఇంజిన్ సంగతి ఆలోచించలేదు. వారం తిరక్కుండానే పెట్రోలు కారడం మొదలైంది. పొద్దున్నే ఉండదు. పదకొండు దాటాక మొదలవుతుంది, రెండింటికి జోరు, సాయంత్రం అయ్యేసరికి తగ్గుతుంది. కొబ్బరిచిప్ప పెట్టి పట్టాను, మధ్యాహ్నం రెండు గంటల్లో చిప్ప సగం నిండింది. లీటరు 110 రూపాయల దగ్గర ఉన్న రోజుల్లో. సీజన్ మధ్యలో బండి ఆపుకుని విప్పుకునే తీరిక లేదు. పైగా స్పానర్ పట్టి ఎంతో కాలమైంది, చూపు కూడా తగ్గింది. ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. పేరు వద్దు. ఆయన విప్పనైనా విప్పలేదు. చూసి, ‘వరదలో మునిగిన కార్బొరేటర్ కదా బాబాయ్, బాడీ పోయుంటది, మార్చేయడమే’ అన్నాడు. వరద మాట ఎత్తేసరికి నేనూ నమ్మాను. ఆ ఏడాది మా పేటలో ఏది పాడైనా వరద మీదకే పోయేది, మా ఆవిడ మోకాలి నొప్పితో సహా.

కొత్తది బిగించాడు. షాపు నీడలో, సాయంత్రం ఆరింటికి, అరగంట నడిపి చూశాం. చుక్క కారలేదు. డబ్బులిచ్చి వచ్చాను. మర్నాడు పదకొండున్నరకు కొబ్బరిచిప్ప మళ్లీ బయటికి తీశాను.

తిరిగి వెళ్తే ఫ్లోట్ సెట్టింగు అన్నాడు. సరిచేశాడు, మళ్లీ సాయంత్రమే. మళ్లీ కారలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, పెట్రోలు పోద్దామని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని చప్పుడు. మొహం మీదికి వేడి ఆవిరి కొట్టింది. అదృష్టం, ఆ రోజు బజ్జీల బండి రాలేదు. మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. కింద బొట్లు పడటం ఆగిపోయింది. మూత బిగించాను. పావుగంట తర్వాత మళ్లీ మొదలు. తీశాను, బుస్సు, ఆగింది.

ట్యాంకు మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవడానికి, వేడికి ఆవిరి పెరిగితే బయటికి పోవడానికి. నా మూత మీద ఏళ్ల తరబడి చెరకు రసం చిందింది, దానికి దుమ్ము పట్టింది, తీపికి చీమలు చేరాయి, అన్నీ కలిసి ఎండి జీడిపాకంలా ఆ రంధ్రాన్ని పూడ్చేశాయి. చెట్టు ఉన్నన్నాళ్లూ ట్యాంకు కాలలేదు కాబట్టి నాకు తెలియలేదు. ఇంజిన్ నేను రోజంతా నడపను, గిరాకీ వచ్చినప్పుడే స్టార్టు చేస్తాను, కాక్ మాత్రం బద్ధకానికి తెరిచే ఉంచుతాను. ఎండలో రేకు ట్యాంకు కాలి, లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, పెట్రోలును కిందికి తోస్తుంటే, కేవలం పెట్రోలు బరువును ఆపడానికి చేసిన ఆ చిన్న నీడిల్ ఎంతని ఆపుతుంది? పక్కకు జరిగింది, గిన్నె పొర్లింది. పాత నీడిలైనా కొత్త నీడిలైనా అదే చేస్తుంది. షాపులో నీడ, చల్లబడిన పొద్దు. అక్కడ ఎన్నిసార్లు చూసినా కారదు.

(ఇదే రంధ్రం పూడితే నడుస్తున్న ఇంజిన్‌లో ఇంకో రకం తమాషా జరుగుతుంది. పెట్రోలు దిగక అరగంటకోసారి ఆగిపోతుంది. మూత తీసి పెడితే మళ్లీ నడుస్తుంది. అప్పుడు జెట్టు పూడిందని అదే కార్బొరేటర్‌ను మళ్లీ విప్పుతారు.)

మూతను వేడి నీళ్లలో నానబెట్టి, సన్నటి రాగి తీగ దూర్చి, ఆరబెట్టి బిగించాను. ఖర్చు ఏమీ లేదు. షాపుకు వెళ్లి నా పాత కార్బొరేటర్ ఇమ్మని అడిగాను. ‘దాంతో ఏం చేస్తావు బాబాయ్, స్క్రాప్‌లో వేశా’ అన్నాడు. స్క్రాపు డ్రమ్ములో చెయ్యి పెట్టి నేనే వెతికి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తలకిందులుగా పట్టుకుని ఊదాను. బిగపట్టేసింది, ఒక్క పిసరు గాలి పోలేదు. ఇప్పుడు బండి మీద నడుస్తున్నది ఆ పాతదే.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతనికి గిట్టుబాటు అయ్యేది అదే. నీడిల్ కావాలని వెళ్లి అడగండి, చాలా షాపుల్లో దొరకదు. ‘అసెంబ్లీయే వస్తది’ అంటారు, అంటే మొత్తం కార్బొరేటరే కొనాలని. నీడిల్, ప్యాకింగ్, ‘ఓ-రింగు’ అనే రబ్బరు చుట్టు కలిపి చిన్న పొట్లంలో వచ్చే కిట్టు నాకు చివరికి ఆటోనగర్‌లో 120 రూపాయలకు దొరికింది, నాలుగు షాపులు తిరిగాక. గంట కూర్చుని తుడిచి ఊది చూసినందుకు మనం వంద రూపాయలు ఇవ్వడానికి గీచి గీచి బేరమాడతాం. కొత్త కార్బొరేటర్ అంటే నోరు మూసుకుని వెయ్యి ఇస్తాం. కడగడానికి కూలీ ఇవ్వని ఊళ్లో ఎవరు కడుగుతారు? ఒక్కటి మాత్రం అడగండి. మార్చిన పాత సామాను మీ చేతికి ఇవ్వమనండి. అది మీ డబ్బుతో కొన్నదే.

ఇంకో రెండు సంగతులు. ఈమధ్య పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది. ఇథనాల్ తయారయ్యేది మొక్కజొన్న, నూక బియ్యం లాంటివాటితో పాటు చెరకు రసం, మడ్డి నుంచి కూడా. నా రోలర్ల కింద నలిగే చెరకే ఇంకో దారిలో నా కార్బొరేటర్‌లోకీ వస్తోందన్నమాట. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. వానాకాలంలో బండి నెలల తరబడి కదలకపోతే గిన్నె అడుగున తెల్లటి పొడి పట్టి, నీడిల్ అతుక్కుపోవడం నేను చూశాను. పాత రకం రబ్బరు పైపులు, ఓ-రింగులు దానికి ఉబ్బుతాయి, తర్వాత పగులుతాయి. పాత ఇంజిన్ ఉన్నవాళ్లు పైపు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదేనా అని అడిగి కొనండి. సీజన్ అయిపోయాక కాక్ కట్టి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపనివ్వండి. తర్వాత డ్రెయిన్ స్క్రూ విప్పి గిన్నెలో మిగిలిన చుక్కలు కూడా దించేయండి.

రెండోది కనిపించని లీకు. మా సందులో ఒక టైలరు గారికి చిన్న జనరేటర్ ఉంది. కింద తడి లేదు, వాసన కొంచెమే. పెట్రోలు మాత్రం వారానికి లీటరు తగ్గిపోతోందని, పనివాడు తీస్తున్నాడని ఆయన అనుమానం. వెళ్లి ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ గీత దాటి పైకి వచ్చింది, నీళ్లలా పల్చగా ఉంది, పెట్రోలు కంపు. జనరేటర్‌ను కొంచెం వాలుగా పెట్టారు, కాక్ రోజూ తెరిచే ఉంచారు. పొర్లిన పెట్రోలు బయటికి రాకుండా ఇన్‌టేక్ దారిలో (ఇంజిన్‌లోకి గాలి పోయే దారి) సిలిండర్‌లోకి, అక్కడి నుంచి పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లోకి దిగిపోతోంది. ఇలాంటి ఇంజిన్‌లో పట్టేది 600 మిల్లీలీటర్ల ఆయిల్. అందులో ఒక టీ గ్లాసు పెట్రోలు కలిస్తే ఇక అది ఆయిల్ కాదు. అలా నడిపితే కనెక్టింగ్ రాడ్డు పట్టేస్తుంది, అప్పుడు పోయేది కార్బొరేటర్ కాదు, ఇంజిన్. స్టార్టర్ తాడు లాగితే మధ్యలో బండరాయిలా ఆగిపోతే బలవంతంగా లాగకండి. సిలిండర్‌లో పెట్రోలు నిండి ఉంటుంది. కాక్ కట్టి, ప్లగ్గు విప్పి, ప్లగ్గు వైరును దూరంగా పెట్టి, ఆరుబయట మెల్లగా లాగి పెట్రోలు బయటికి పోనివ్వాలి. ఆయిల్ మొత్తం మార్చి, లీకు బాగుచేశాకే స్టార్టు చేయాలి. ఆ పనివాడు ఇప్పుడు నా దగ్గర రసం తాగినప్పుడల్లా డబ్బులు ఇవ్వబోతాడు, నేను తీసుకోను. టైలరు గారు ఇప్పటికీ అతనికి సారీ చెప్పలేదనుకోండి, అది వాళ్ల గొడవ.

మీ ఆదివారం పేజీలో ఆ ఒక్క వాక్యం సవరించి వేయమని మనవి. ఎండలో నిలబడే బండ్లవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లలో మీ పత్రిక చదివేవాళ్లు, చదివించుకుని వినేవాళ్లు కూడా ఉన్నారు. కార్బొరేటర్ కొనే ముందు మూత తిప్పి చూడమని ఎవరైనా చెప్పి ఉంటే నాకు మూడు రోజులు మిగిలేవి.

ఊదే పరీక్ష చదివితే అర్థం కాదు, చూడాలి. ఆ కొత్త కార్బొరేటర్ వాడకుండా బండి సొరుగులోనే ఉంది. కావలసినవాళ్లు సాయంత్రం ఐదు దాటాక వస్తే విప్పి చూపిస్తాను. చూపించినందుకు ఏమీ తీసుకోను. రసానికి మాత్రం డబ్బులివ్వాలి.

ఇట్లు,
చెరకు రసం బండి మనిషి,
ఏలూరు రోడ్డు, విజయవాడ.